పిల్లలు ఫోన్లో యుద్ధాలు ఆడుతుంటే ఇలా చేసి చూడండి

నెల్లూరు ఎండలకి సెలవుల్లో పిల్లలు ఎలాగూ బయటికి పోరు, చేతిలో ఫోను, రోజంతా టపాటపా కాల్పులు. లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తారు, కాబట్టి ఆటే మార్చండి. 2014లో వచ్చిన 'వేలియంట్ హార్ట్స్' మొదటి ప్రపంచ యుద్ధం మీద గేమ్. కాల్చడం తక్కువ, పజిల్స్ విప్పడం ఎక్కువ, మధ్యమధ్యలో కందకాల్లో బురద గురించీ విషవాయువు గురించీ అప్పటి ఫొటోలతో చిన్న కార్డులుంటాయి. పిల్లలు చదవకుండా దాటేసేది వాటినే, అసలు సరుకంతా ఉండేదీ వాటిలోనే! కార్డు వచ్చినప్పుడల్లా ఆట ఆపించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనండి.

తర్వాత మన వైపు కథ కలపండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి రేవు దగ్గర చమురు ట్యాంకులు తగలబెట్టింది. ఈసారి చెన్నై పోతే హైకోర్టు గోడకున్న ఎండెన్ ఫలకం చూపించండి. ఈ సంగతి చెప్పగానే మావాడు మ్యాప్ తెరిచి అక్కడి నుంచి నెల్లూరు ఎంత దూరమో చూసుకున్నాడు.

'దిస్ వార్ ఆఫ్ మైన్' కూడా మంచి గేమే కానీ చిన్నపిల్లలకి వద్దు, ఆకలి, చావు మరీ నేరుగా చూపిస్తారు.