పాత తెలుగు పీడీఎఫ్ కిండిల్‌లో చదవాలంటే

మా నాన్నకు ఈ-పుస్తకాలు చదువుకునే ఆరంగుళాల కిండిల్ కొనిచ్చిన రోజే, ఆయన ఎప్పటినుంచో అడుగుతున్న పాత పుస్తకం స్కాన్‌ని ఈపబ్‌గా (అదొక ఈ-పుస్తకం ఫైల్ రకం) మార్చి పెట్టాను. తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, "చీమల బారులా ఉందమ్మా" అన్నారు. పేజీలన్నీ చిన్న బొమ్మలైపోయాయి. అప్పటినుంచీ ఫైల్‌లో ఏముందో చూడకుండా దేన్నీ మార్చడం లేదు.

చూడటం తేలికే. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి. తెలుగు తెలుగులాగే వస్తే అది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్ అయినా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి. పిచ్చి గుర్తులు వస్తే యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో డీటీపీ (అచ్చుకోసం కంప్యూటర్‌లో టైపింగ్) చేసింది అయ్యుంటుంది. అసలు సెలెక్టే కాకపోతే స్కాన్.

యూనికోడ్ అయినా పీడీఎఫ్ నుంచి తీస్తే ఒత్తులు చెదరొచ్చు. వీలైతే అసలు వర్డ్ ఫైల్ అడిగి తీసుకోండి. దాన్ని కాలిబర్ అనే ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్‌లో కిండిల్ ఫైల్ రకమైన ఏజడ్‌డబ్ల్యూ3గా మార్చేటప్పుడు మండలి లాంటి తెలుగు ఫాంట్‌ని ఎంబెడ్ చేయండి, అంటే ఫైల్‌లోనే చేర్చండి.

మిగతా రెండు రకాలకూ నేను వాడేది కే2పీడీఎఫ్‌ఆప్ట్ అనే సాఫ్ట్‌వేర్, ఉచితమే. ఇది మామూలుగా పదాల్ని విడదీసి చిన్న స్క్రీన్‌కి తగ్గట్టు మళ్లీ పేరుస్తుంది. తెలుగుకి ఆ పద్ధతి నాకు నచ్చలేదు. కింద వేలాడే ఒత్తుని వేరే వరుస అనుకుంటే అక్షరం విరిగిపోతుంది. అందుకే మోడ్‌లో 'ఫిట్‌విడ్త్' ఎంచుకుంటాను. అంచులు కత్తిరించి, పేజీని అడ్డంగా తిప్పి, ముక్కలుగా చూపిస్తుంది. అక్షరం చెక్కుచెదరదు, పెద్దదవుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పాత స్కాన్లలో పేజీ అంచున నల్లటి చార ఉంటుంది. అదీ అచ్చులో భాగమే అనుకుని కే2పీడీఎఫ్‌ఆప్ట్ అంచు కత్తిరించదు. క్రాప్ మార్జిన్లలో ఆ చార వెడల్పు ఇస్తే సరి. పుస్తకం మొత్తం కాకుండా ముందు పది పేజీలే చేసి, 'స్త్రీ', 'క్ష్మి' లాంటి చోట్ల ఒత్తులు తెగలేదని చూసుకోండి.

పంపడానికి కేబుల్ మేలు. మెయిల్‌లో అయితే 50 ఎంబీ దాటితే వెళ్లదు, స్కాన్లు ఆ హద్దు ఇట్టే దాటేస్తాయి. కంప్యూటర్‌లో కిండిల్ కనిపించకపోతే టెన్షన్ పడకండి, ముందు కేబుల్ మార్చి చూడండి. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కి తప్ప పనికిరావు. 'డాక్యుమెంట్స్' ఫోల్డర్‌లో ఫైల్ పెట్టి, ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయండి.