బాత్రూమ్ పైపు చెయ్యి జారకుండా
పెద్దవాళ్లు పట్టుకుంటారని గోడకి స్టీలు పైపు బిగిస్తాం. తీరా సబ్బు చేత్తో పట్టుకుంటే అదే జారుతుంది. అంగుళం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు తీసుకుని, 3 మిల్లీమీటర్ల నైలాన్ తాడు చుట్టుకీ చుట్టుకీ వేలు వెడల్పు ఎడంతో బిగించి చుట్టండి. 2 అడుగుల పైపుకి 5 మీటర్ల తాడు చాలు. రెండు కొసలకూ ఎం-సీల్ (ఆరితే గట్టిపడే అతుకు ముద్ద) అద్ది ఆరనివ్వాలి, లేకపోతే చుట్లన్నీ ఓ పక్కకి పోగవుతాయి. గోడకీ పైపుకీ మధ్య సందు అంగుళంన్నర: వేళ్లు పట్టాలి, మోచెయ్యి ఇరుక్కోకూడదు. కోనసీమలో చవగ్గా దొరుకుతుంది కదాని కొబ్బరి తాడు మాత్రం వద్దు, తడికి నాని బూజు పడుతుంది. పాత పెంకుటిళ్ల సున్నపు గోడల్లో బోల్టులు నిలవవు. అక్కడైతే నేలలో అడుగున్నర లోతున కాంక్రీటు పోసి నిలువు పైపు పాతించండి.