స్వాహిలీ కొలతలు మన జానతో, మూరతో

టాంజానియాకో కెన్యాకో వెళ్తూ స్వాహిలీ నేర్చుకుంటున్నవారికి ఒక మాట. కొలతలు, పరిమాణాల పదాలను విడిగా బట్టీ పట్టకండి, ఎప్పుడూ ఒక వస్తువు పేరుతో జతచేసి గుర్తుంచుకోండి. తెలుగులో ‘పొడవైన’ దేనికైనా మారదు. స్వాహిలీలో అది నామవాచకాన్ని బట్టి తల మార్చుకుంటుంది: పొడవైన మనిషి ‘మ్టు మ్రెఫు’, పొడవైన పుస్తకం ‘కిటాబు కిరెఫు’, పొడవైన తాడు ‘కంబ న్‌దెఫు’. మూడింటిలోనూ ఉన్నది ఒకే ‘రెఫు’! నిఘంటువులో ఆ ఒక్క ముక్క మాత్రమే చూసి నేర్చుకుంటే, ‘ర’ కాస్తా ‘ద’గా మారిన ‘న్‌దెఫు’ చెవిన పడ్డప్పుడు పోల్చుకోలేరు. అంగోలా, జాంబియాలలో మాట్లాడే లుచాజీ భాష కూడా స్వాహిలీలాగే బంటు అనే ఆఫ్రికా భాషా కుటుంబానిది కనుక, అక్కడా జంటగా నేర్చుకోవడమే మేలు.

శరీరంతో కొలిచే పాత పదాలు మనకు ఇట్టే పట్టుబడతాయి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. ‘షుబిరి’ మన జాన, ‘ధిరా’ మన మూర, ‘పిమా’ మన బార. లెక్క కూడా మనదే: రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. చేయి చాపి కొలుస్తూ పైకి అనండి, వారంలో నోటికి వచ్చేస్తాయి.

ఆకారాలలో ‘పెంబెటాటు’తో మొదలుపెట్టండి. ‘పెంబె’ అంటే మూల, ‘టాటు’ అంటే మూడు. అచ్చంగా మన త్రికోణం.