ట్యాంకులో బ్లీచింగ్ వేశారు సరే, చివరి కుళాయిలో క్లోరిన్ ఉందా?

మంచినీళ్ళ గురించి ఎవరు అడిగినా పంచాయతీలో వినపడే జవాబు ఒకటే: "నిన్ననే బ్లీచింగ్ కొట్టించాం సార్." కొట్టించడం వేరు, అది ఊరి చివరి వీధి దాకా చేరడం వేరు. పంప్ ఆపరేటర్లకీ, కొత్తగా గెలిచిన వార్డు మెంబర్లకీ, ఫీల్డ్ టెస్ట్ కిట్టు చేతికందిన డ్వాక్రా అక్కలకీ పనికొస్తుందని ఇది రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీళ్ళలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న పౌడరైతే వెయ్యి లీటర్లకి 4 గ్రాములు వేస్తే లీటరుకి ఒక మిల్లీగ్రాము పడుతుంది. పైపుల్లో ఉన్న నాచూ మట్టీ కొంత తినేస్తాయి కాబట్టి రెండు మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి, అంటే 40 వేల లీటర్ల ట్యాంకుకి 320 గ్రాములు. గుప్పెళ్ళ లెక్క వద్దు. కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి తూచి డబ్బాకి గీత గీసుకుంటే చాలు. ఇంకో సంగతి, మూతి విప్పి మోటారు షెడ్డులో నెలల తరబడి పడేసిన బస్తాలో 25 శాతం ఉండదు. గడ్డ కట్టి ఘాటు పోయిందంటే అది సున్నంతో సమానం, ఎంత వేసినా దండగ.

పౌడరుని నేరుగా ట్యాంకులో గుమ్మరించేవాళ్ళే ఎక్కువ. అలా చేస్తే సున్నం అడుగున పేరుకుంటుంది, క్లోరిన్ ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ అవుతుంది, జనం వాసన భరించలేక తిడతారు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత నీళ్ళు పోసి తిప్పి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటను మాత్రమే ట్యాంకులో పోయాలి. ట్యాంకు సగం నిండినప్పుడు పోస్తే మోటారు నీళ్ళే కలిపేస్తాయి. నిండాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పండి. కలిపేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

ఇక అసలు పరీక్ష. ట్యాంకు కింద కుళాయిలో చూసి రాసుకుంటే లాభం లేదు. ఊళ్ళో అన్నిటికంటే దూరంగా, పల్లంలో ఉన్న ఇంటికి వెళ్ళి, నీళ్ళు రెండు నిమిషాలు వదిలేసి, అప్పుడు కిట్టులోని గొట్టంలో పట్టి, కిట్టులోని మందు వేసి, వచ్చిన రంగును వెంటనే రంగుల కార్డుతో పోల్చండి. ట్యాంకు దగ్గర బాగానే ఉండి అక్కడ సున్నా వస్తే పౌడరు పెంచడం ఒక్కటే సరిపోదు, దారిలో ఎక్కడో మురికి కలుస్తోంది.

ఎక్కడ? చాలాసార్లు కుళాయి గుంటలో. ప్రెషర్ లేదని ఇంటి ముందు రెండడుగులు తవ్వి, పైపు కోసి, గుంట అడుగున బిందె పెట్టి పట్టుకుంటారు. అంట్లు తోమిన నీళ్ళూ వాననీళ్ళూ ఆ గుంటలోకే దిగుతాయి, పైపు మూతి వాటిలో మునిగి ఉంటుంది. సప్లై ఆగగానే పైపులో నీళ్ళు పల్లానికి జారి, ఖాళీలోకి గుంట నీళ్ళు ఎక్కుతాయి. మర్నాడు మొదటి బిందె ఎవరికి దక్కితే వాళ్ళకి అదే. కుళాయికి మోటారు బిగించినా ఇంతే, మురుగు కాలువలో నుంచి పోయే పైపుకి చిన్న చిల్లు ఉంటే ఆ మోటారు మురుగుని లాగేస్తుంది. గుంటలు పూడ్పించడం, మోటార్లు తీయించడం అంటే ఓట్ల టెన్షన్, నాకు తెలుసు. అయినా ఇది చేయకుండా ఎంత బ్లీచింగ్ కొట్టినా నిష్ఫలమే. వాల్వు గుంతల్లో నిలిచిన నీళ్ళు కూడా తోడించండి.

ల్యాబుకి శాంపిల్ పంపేటప్పుడు మినరల్ వాటర్ ఖాళీ సీసాలో పట్టకండి. బాక్టీరియా పరీక్షకి ల్యాబు వాళ్ళే ఇచ్చే శుభ్రపరిచిన సీసాలో క్లోరిన్‌ని విరిచే మందు ఉంటుంది, అది లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి రిపోర్టు అబద్ధంగా బాగా వస్తుంది. ఐస్‌లో పెట్టి అదే రోజు చేర్చండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటి కూడా కనపడకూడదు. ఫ్లోరైడ్ (లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు), నైట్రేట్ (లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు) బ్లీచింగుతో పోవు, వాటికి బోరు మార్చడమో వేరే నీళ్ళు తేవడమో తప్పదు. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరులో అంకె తక్కువ చూపించిందని సంబరపడకండి, దానికి క్రిములు కనపడవు.

రిజిస్టరులో తేదీ, వేసిన గ్రాములు, చివరి కుళాయి రీడింగు రాయండి. సున్నా వస్తే సున్నా అనే రాయండి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర పైపులైను మార్పించుకోవడానికి ఆ సున్నాలే మీకు ఆధారం. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే ల్యాబు రిపోర్టు కోసం కూర్చోకండి. ఏఎన్ఎంకి చెప్పి, ఆ వీధికి సప్లై ఆపి ట్యాంకరు తెప్పించి, నీళ్ళు మరగకాచి తాగమని దండోరా వేయించి, లీకు దొరికి మూసేదాకా మిగతా ఊళ్ళో చివరి కుళాయిలో క్లోరిన్ లీటరుకి 0.5 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూడండి.