చౌడు నేలా? జిప్సం కొనేముందు గ్లాసు నీళ్లతో చూడండి

పొలంలో తెల్లని పొర కనబడగానే జిప్సం బస్తాలు దించుకోకండి. శనగగింజంత ఎండు మట్టిపెళ్లను గాజు గ్లాసులోని వాన నీటిలో మెల్లగా వదిలి, కదపకుండా కొన్ని గంటలు ఉంచండి. బోరు నీరు వద్దు, అందులోని లవణాలు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు కమ్ముకుంటే సోడియం ఎక్కువైన కారు చౌడని అనుమానించాలి. జిప్సం ప్రధానంగా దానికే మందు. నీరు తేటగానే ఉంటే పాల చౌడు, అంటే మామూలు ఉప్పు పేరుకున్న నేల, కావచ్చు. దానికి జిప్సం దండగ, మంచి నీటితో ఉప్పును కిందికి కడిగేయాలి. భూసార పరీక్షలో ఉదజని సూచిక (pH) 8.5 దాటితే కారు చౌడే అన్నది సాధారణ లెక్క.

అయితే అసలు దొంగ చాలాసార్లు నేల కిందే ఉంటాడు. మీటరున్నర లోతు గుంత తవ్వి మర్నాడు చూడండి. నీరు ఊరిందా? ఆ ఊట నీరే మట్టి సందుల్లోంచి పైకి పాకి, ఆవిరైపోతూ ఉప్పును వదిలి వెళ్తోంది. బూడిదరంగు మట్టిలో తుప్పురంగు మచ్చలు కూడా నీరు నిలుస్తోందనడానికి గుర్తే. అలాంటి చోట ముందు మురుగు కాలువ తవ్వాలి. అది లేకుండా నీరు పెట్టి కడిగితే ఊట ఇంకా పైకొస్తుంది, డబ్బు, నీరు రెండూ పోతాయి.

ఈలోగా బోదెల (ఎత్తు చేసిన మట్టి వరుసల) మీద పంట వేస్తుంటే విత్తనాన్ని బోదె నెత్తిన కాక పక్క వాలులో పెట్టండి. ఉప్పు పేరుకునేది నెత్తినే.