రైలు కిటికీలో పాటను చూపించడం ఎలా?

కొందరు రైల్లో కూర్చుని కిటికీ బయట పది నిమిషాలు వీడియో తీసి, పాటలో బీట్ పడ్డప్పుడల్లా కట్ కొట్టేసి, పైన ‘గోండ్రీ స్టైల్’ అని రాసుకుంటున్నారు. కట్లు కొడితే అది గోండ్రీ ఎలా అవుతుంది? బ్రిటిష్ ఎలక్ట్రానిక్ సంగీత జంట కెమికల్ బ్రదర్స్ కోసం ఫ్రెంచి దర్శకుడు మిషెల్ గోండ్రీ 2002లో తీసిన ‘స్టార్ గిటార్’ పాట వీడియోలో కంటికి కనిపించే కట్ ఒక్కటీ ఉండదు. రైలు అలా పోతూనే ఉంటుంది. బయటి స్తంభాలు, ఇళ్లు, వంతెనలు మాత్రం పాటలోని చప్పుళ్లతో పాటే వస్తాయి.

సామాను: ఫోను, గ్రాఫ్ కాగితం, పెన్సిలు, లేయర్లు వేసుకోగలిగే, అంటే ఒక దృశ్యం మీద ఇంకోదాన్ని అతికించగలిగే ఎడిటింగ్ ఆప్. అంతే.

షూటింగ్: ఏసీ బోగీ అద్దం వద్దు, రంగులు చచ్చిపోతాయి. మామూలు బోగీలో ఊచల మధ్యకు లెన్సు తెచ్చి, ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. చెయ్యి బయటికి చాచకండి, ఫోను దక్కదు. అదే దారిలో రెండు మూడుసార్లు తీయండి. ఫ్రాన్స్‌లోని నీమ్, వలాన్స్ ఊళ్ల మధ్య గోండ్రీ పదిసార్లు తీశాడు.

ఒక చప్పుడుకు ఒకే వస్తువు: తీసిన వీడియోలోంచి వస్తువును కత్తిరించి, దాని చప్పుడు వచ్చే చోటల్లా అతికించాలి. డ్రమ్ముకు స్తంభం అనుకుంటే చివరిదాకా స్తంభమే. మధ్యలో చెట్టు పెట్టారో, పోయింది. గోండ్రీ స్వయంగా డ్రమ్మరు, అతనికి ఇది చేతిలో పని. 1997లో ఫ్రెంచి సంగీత జంట డాఫ్ట్ పంక్ పాట ‘అరౌండ్ ద వరల్డ్’ వీడియోలోనూ ఇదే లెక్క, ఒక్కో వాయిద్యానికి ఒక్కో వేషం: బేస్‌కు ఆటగాళ్లు, గిటారుకు అస్థిపంజరాలు, డ్రమ్ మెషీన్‌కు మమ్మీలు. స్టార్ గిటార్‌కైతే ముందు గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, నారింజలు, ఫోర్కులు, బూట్లు వరసగా పేర్చి చూసుకున్నాడు. మనకు బత్తాయిలు, గరిటెలు, చెప్పులు చాలు. ఈ పని ఎగ్గొట్టి సాఫ్ట్‌వేర్ తెరిచేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఇక అందరూ బోల్తాపడే చోటు, ఫ్రేముల (వీడియోలోని ఒక్కో బొమ్మ) లెక్క. నిమిషానికి 120 బీట్ల పాట, సెకనుకు 25 ఫ్రేములు అనుకోండి. బీట్‌కు పన్నెండున్నర ఫ్రేములు. అర ఫ్రేము ఉండదు కదా అని ప్రతిసారీ 12 వేసుకుంటూ పోతే, పది బీట్లకు 5 ఫ్రేములు తేడా, అంటే సెకనులో అయిదో వంతు. స్తంభం ముందొస్తుంది, డ్రమ్ము తర్వాత మోగుతుంది. కాబట్టి వెనకటి స్తంభం నుంచి లెక్కపెట్టొద్దు. పాట మొదటి నుంచి బీట్ సంఖ్యను పన్నెండున్నరతో గుణించి, అప్పుడు సర్దండి. 30 ఫ్రేముల్లో తీస్తే సరిగ్గా 15 వస్తుంది, గొడవ లేదు. కానీ ఫోను 30 అని చెప్పి లోపల వేగం అటూ ఇటూ మారుస్తుంది. ఎడిటింగ్‌కు ముందే స్థిర ఫ్రేమ్ రేటులోకి, అంటే ప్రతి సెకనుకూ అన్నే ఫ్రేములు ఉండేలా మార్చుకోండి. నేను మార్చకుండా రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఇంకోటి. స్తంభం ఫ్రేము అంచున కనిపించినప్పుడా బీట్, మధ్యకు వచ్చినప్పుడా? మధ్యకే. మానిటరు మీద నిలువుగా టేపు అంటించి, స్తంభం టేపును దాటే ఫ్రేమును బీట్‌కు కలపండి. అతికించే స్తంభం, కింది పొలాలు ఒకే వేగంలో తీసినవై ఉండాలి. రైలు స్టేషన్ దగ్గర నెమ్మదించినప్పటి స్తంభాన్ని పరుగు మీదున్న పొలంపై పెడితే కాగితం బొమ్మలా ఊగుతుంది.

చివర్లో శబ్దం ఆపేసి ఇంట్లోవాళ్లకు చూపించండి. నా మొదటి వీడియో చూసి మా అమ్మ, “ఆ గాలిపటం చిక్కుకున్న స్తంభాన్నే ఎన్నిసార్లు చూపిస్తావురా?” అంది. నలభై ఒక్కసార్లు వాడానని చెప్పలేదు.