క్రాస్ బ్రీడ్ కుక్కపిల్లను కొనేముందు దాని తల్లిని చూడండి

ల్యాబ్రడూడుల్ (ల్యాబ్రడార్, పూడుల్), కాకపూ (కాకర్ స్పానియల్, పూడుల్), మాల్టిపూ (మాల్టీస్, పూడుల్), పామ్‌స్కీ (పొమేరేనియన్, హస్కీ) వంటి పేర్లు ఇప్పుడు హనుమకొండ, కరీంనగర్ ఇళ్లలోనూ వినిపిస్తున్నాయి. రెండు వేర్వేరు జాతులను కలిపి పుట్టించే ఈ కుక్కల్లో ఒకే కాన్పులో పుట్టిన పిల్లలే ఒకటి తల్లి బొచ్చుతో, మరొకటి తండ్రి స్వభావంతో ఎదగవచ్చు. పెరిగాక ఎలా ఉంటుందో అమ్మేవారు కూడా ఖాయంగా చెప్పలేరు. అందువల్ల తల్లిదండ్రుల ఆరోగ్యం, నడవడిక తప్ప కొనేవారికి వేరే గట్టి ఆధారం లేదు.

పిల్లలు పుట్టిన చోటికే వెళ్లి తల్లిని చూపించమని అడగాలి. అది మనిషిని చూసి మూలకు నక్కుతోందా, మోచేతుల దగ్గర గచ్చు రాపిడికి బొచ్చు రాలి చర్మం మొద్దుబారిందా, చెవుల లోపల గోమార్లు ఉన్నాయా అన్నవి దగ్గరగా గమనించాలి. పిల్లను ఎత్తుకుని చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయో లేదో చూడాలి. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే నట్టలున్నాయని అనుమానించాలి. తల్లిని చూపించకుండా, ముందు డబ్బులు వేస్తే పిల్లను బస్సులో పంపిస్తామనేవారి దగ్గర కొనకూడదు. అక్కడి పిల్ల మీద జాలితో కొన్నా, ఆ డబ్బు తల్లిని మళ్లీ ఈనించడానికే పోతుంది.

చట్టం కూడా మనకు అండగా ఉంది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా జత కట్టించకూడదు, 12 నెలల్లో ఒకటికి మించి, జీవితంలో ఐదుకు మించి కాన్పులు చేయించకూడదు. నమోదు పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు. శుద్ధ జాతి కుక్కలను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ కాగితాలు ఉన్నాయంటే మాత్రం ఆగి ఆలోచించాలి: అవి శుద్ధ జాతి తల్లిదండ్రులకు ఉండవచ్చు గానీ సంకర పిల్లకు జాతి పత్రం రాదు.

రెండు జాతులు కలిస్తే జబ్బులు రావన్న ప్రచారాన్ని నమ్మకూడదు. తుంటి కీలు సరిగా అమరని జబ్బు, రెటీనా క్రమంగా దెబ్బతిని చూపు పోయే వ్యాధి ల్యాబ్రడార్‌లోనూ ఉన్నాయి, పూడుల్‌లోనూ ఉన్నాయి. లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ అందితే పిల్లకు ఆ కంటి జబ్బు తప్పదు. కాబట్టి తల్లిదండ్రులిద్దరికీ తుంటి ఎక్స్‌రే, డీఎన్ఏ పరీక్ష చేయించిన కాగితాలు అడగాలి.

బొచ్చు రాలదు, అలర్జీ రాదు అన్న హామీ ఇంకా బలహీనమైనది. 1989లో ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలో పనిచేసిన వాలీ కాన్రాన్, హవాయిలోని చూపు లేని ఒక మహిళ కోసం, ఆమె భర్తకు అలర్జీ ఉన్నందున, ల్యాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపించారు. ఆ కాన్పులో పుట్టిన మూడు పిల్లల్లో ఒక్కటే ఆ భర్తకు అలర్జీ రాకుండా సరిపడింది. అలర్జీ కలిగించే పదార్థం కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో, మూత్రంలో ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే వారిని వెంటబెట్టుకుని ఆ కుక్కల మధ్య రెండు మూడు సార్లు గడిపి చూడటమే సరైన మార్గం.

పూడుల్ సంకరాల ఉంగరాల బొచ్చును లోహపు దువ్వెనతో చర్మం తగిలేదాకా దువ్వాలి. పైపైన దువ్వితే చెవుల వెనుక, చంకల కింద జడలు కట్టి లోపల పుండ్లు పడతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరింపు కూడా తప్పదు. ఇక మే నెలలో రామగుండం, వరంగల్ ఎండలు 44 డిగ్రీలకు చేరే చోట మంచు ప్రాంతపు హస్కీ రక్తమున్న పామ్‌స్కీని తెచ్చుకోవడం ఆ జీవికి అన్యాయమేనని నా గట్టి అభిప్రాయం. ఫలానా సంకరమే కావాలన్న పట్టుదల లేనివారు వీధిలో పుట్టిన పిల్లను పెంచుకోవచ్చు. అదీ సంకరమే, మన ఎండలకు అలవాటుపడ్డది.

అన్నీ కుదిరాక రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. వేసిన టీకాలు, నట్టల మందు తేదీలతో పాటు, పుట్టుకతో వచ్చిన జబ్బు బయటపడినా, ఎప్పుడైనా పెంచలేని పరిస్థితి వచ్చినా కుక్కను తిరిగి తీసుకుంటామన్న మాట అందులో ఉండాలి. ఇంటికి తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యునికి చూపించి పార్వో (వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు), రేబిస్ టీకాల తేదీలు రాయించుకోవాలి. ఆ టీకాలు పూర్తయ్యేవరకు పిల్లను వీధిలో నడిపించకూడదు.